కొత్త లేఅవుట్ల వాననీటిపై స్థానిక నియమం: గరిష్ఠ ప్రవాహం ఒక్కటీ అదుపు చేస్తే సరిపోతుందా?

పల్లపు వీధి

కొత్త లేఅవుట్లు, పెద్ద భవనాల స్థలాల నుంచి బయటికి వచ్చే వాననీటిపై మా స్థానిక సంస్థ ఒక నియమావళి ముసాయిదా విడుదల చేసింది. అభ్యంతరాలు పంపడానికి గడువు ఇచ్చారు. నేను ఇంజినీరును కాను. ఎగువన ఏది కట్టినా దాని నీరు చివరికి చేరే వీధిలో ఉంటాను కాబట్టి ముసాయిదాను మొదటి నుంచి చివరి దాకా చదివాను.

అందులో అసలు నిబంధన ఇది: పదేళ్ల వర్షానికి, నిర్మాణం తర్వాత స్థలం నుంచి బయటికి వెళ్లే గరిష్ఠ ప్రవాహం నిర్మాణానికి ముందున్న గరిష్ఠ ప్రవాహాన్ని మించకూడదు. ఒక హెక్టారు, అంతకు మించిన స్థలాలకే ఇది వర్తిస్తుంది. నిర్వహణ గురించి ఒకే ఒక వాక్యం ఉంది: యజమానులు చూసుకోవాలి. నిర్మాణం సాగుతున్న రోజుల గురించి ఏమీ లేదు.

పైకి చూస్తే న్యాయంగానే ఉంది. ముందు ఎంత వేగంగా వచ్చేదో తర్వాతా అంతే వేగంగా వస్తే మాకు నష్టం ఏమిటి? కానీ మా ఎగువన ఇలాంటి షరతుతోనే అనుమతి పొందిన స్థలాలు ఉన్నాయి, అయినా మా కాలువ గట్లు ఏటా కోసుకుపోతున్నాయి. కారణం తెలిసినవాళ్లు చెప్పండి. ఏం అడగాలో తెలుసుకుని అడగాలని ఉంది.

జలగణితం

మీ అనుమానం సరైనదే. ఎందుకో లెక్కతో చూపిస్తాను, జవాబు రాసేటప్పుడు మీకూ పనికొస్తుంది.

ముందుగా పదేళ్ల వర్షం అంటే పదేళ్లకు ఒక్కసారే వచ్చేది కాదు. ఏ సంవత్సరంలోనైనా అంతటి వర్షం పడే అవకాశం 10 శాతం అని అర్థం. వరసగా రెండేళ్లూ రావచ్చు.

గరిష్ఠ ప్రవాహాన్ని లెక్కించడానికి చిన్న స్థలాలకు ఇప్పటికీ ఎక్కువగా వాడేది రేషనల్ పద్ధతి. 19వ శతాబ్దం మధ్యలో ఐర్లండ్ ఇంజినీరు థామస్ మల్వనీ చెప్పిన ఆలోచన అది. ప్రవాహ గుణకాన్ని, అంటే కురిసిన వానలో పారే వంతును, వర్ష తీవ్రతతోనూ వైశాల్యంతోనూ గుణించడమే. నాలుగు హెక్టార్ల గడ్డి నేల తీసుకోండి. గుణకం 0.25, తీవ్రత గంటకు 60 మిల్లీమీటర్లు అనుకుంటే సెకనుకు సుమారు 167 లీటర్లు వస్తాయి. అదే నేలమీద రోడ్లు, కప్పులు వచ్చాక గుణకం 0.75 అవుతుంది. అంతటితో ఆగదు. గడ్డిలో మెల్లగా నడిచే నీరు పైపుల్లో పరుగెడుతుంది కాబట్టి స్థలం మొత్తం నీరు చివరికి చేరడానికి పట్టే సమయం తగ్గుతుంది. ఆ సమయం తగ్గితే లెక్కలో తక్కువ సేపు కురిసే, ఎక్కువ తీవ్రత ఉన్న వర్షాన్ని తీసుకోవాలి. గంటకు 90 మిల్లీమీటర్లు అనుకుందాం. ఇప్పుడు సెకనుకు 750 లీటర్లు. నాలుగున్నర రెట్లు. ఒక నిల్వ చెరువు తవ్వి, చిన్న తూము పెట్టి ఆ 750ని మళ్లీ 167కు దించితే మీ ముసాయిదా ప్రకారం పని పూర్తయినట్టే.

ఇక మొత్తం నీరు ఎంతో చూడండి. దీనికి అమెరికా నేల సంరక్షణ శాఖ 1950లలో రూపొందించిన కర్వ్ నంబరు పద్ధతి వాడతాను. నేలకు, దానిపై ఉన్న గడ్డి, రోడ్లు లాంటి కప్పుకు కలిపి ఒక సంఖ్య ఇస్తారు. సంఖ్య పెరిగిన కొద్దీ నీరు ఇంకడం తగ్గి పారడం పెరుగుతుంది. 75 మిల్లీమీటర్ల వర్షానికి 60 సంఖ్య ఉన్న నేల నుంచి పారేది సుమారు 8 మిల్లీమీటర్లు. 90 సంఖ్య ఉన్న లేఅవుట్ నుంచి సుమారు 49. ఆరు రెట్లు. నాలుగు హెక్టార్ల మీద ఈ తేడా దాదాపు 1,650 ఘనపు మీటర్లు, అంటే పదహారున్నర లక్షల లీటర్లు. మీ ముసాయిదాలోని చెరువు ఈ అదనపు నీటిలో ఒక్క చుక్కనూ తగ్గించదు. ఆలస్యంగా వదులుతుంది, అంతే. అంటే మీ కాలువలో ముందు కాసేపే ఉండే ఉధృతి ఇప్పుడు గంటల తరబడి ఉంటుంది. గట్టు కోతకు అత్యధిక వేగం ఒక్కటే కారణం కాదు, కోసేటంత వేగం ఎంతసేపు నిలిచిందన్నది కూడా కారణం.

ఒకే పరీవాహక ప్రాంతంలో ఇలాంటి చెరువులు చాలా ఉంటే మరో చిక్కు వస్తుంది. దిగువ స్థలం నీరు మామూలుగా ముందే వెళ్లిపోవాలి. దాన్ని చెరువు పట్టి ఉంచి, ఎగువ నుంచి ఉధృతి వచ్చే వేళకు వదిలితే రెండూ కలుస్తాయి. ప్రతి స్థలమూ తన షరతును పాటించినా కాలువలో ప్రవాహం పెరుగుతుంది. మీ ఎగువన జరుగుతున్నది ఇది కావచ్చు.

వాగుగట్టు

జలగణితం గారి లెక్కనే చిన్న వానకు వేసి చూడండి. 25 మిల్లీమీటర్ల వర్షానికి 60 సంఖ్య ఉన్న నేల నుంచి పారేది సున్నా. మొత్తం ఇంకుతుంది. 90 సంఖ్య ఉన్న నేల నుంచి దాదాపు 8 మిల్లీమీటర్లు పారుతుంది. పదేళ్ల వర్షానికి కొలిచి పెట్టిన తూము ఈ చిన్న వానను దాదాపు ఆపదు, తిన్నగా వదిలేస్తుంది. అలాంటి వానలు ఏడాదిలో ఎన్ని వస్తాయి? ఒకప్పుడు వాగుకు చేరని ప్రతి వానా ఇప్పుడు వాగులోకి వస్తుంది.

వాగు తన వెడల్పునూ లోతునూ ఎక్కువగా ఏడాది, రెండేళ్లకొకసారి వచ్చే ప్రవాహాలకు తగ్గట్టు తీర్చుకుంటుంది. పదేళ్ల వర్షాన్ని అదుపు చేసి చిన్న వానలను వదిలేస్తే వాగును మలిచే ప్రవాహాలనే వదిలేసినట్టు. అందుకే గట్లు కోసుకుపోతాయి, అడుగు లోతవుతుంది, చివరికి పక్కనున్న గోడలూ వంతెన పునాదులూ బయటపడతాయి.

నీరు చొరని కప్పు, అంటే రోడ్లు, ఇళ్ల పైకప్పులు, కాంక్రీటు, పరీవాహక ప్రాంతంలో 10 శాతం దాటేసరికే వాగు ఆరోగ్యం దెబ్బతినడం మొదలవుతుందని, 25 శాతం దాటితే తీవ్రంగా క్షీణిస్తుందని 1990లలో అమెరికాలో వచ్చిన పరిశీలనలు చెప్పాయి. ప్రతి వాగుకూ ఈ అంకెలు కచ్చితంగా వర్తించవు, అయినా నష్టం ఎంత తొందరగా మొదలవుతుందో తెలుస్తుంది. మరోవైపు, వానాకాలంలో ఇంకని నీరు వేసవిలో ఊటగా రాదు. వరదా ఎద్దడీ ఒకే కారణం వల్ల పెరుగుతాయి.

నీటిలో కలిసి వచ్చేవాటి సంగతి వేరే. రోడ్లమీది నూనె, లోహాల పొడి, టైర్ల అరుగుదల అన్నీ మొదటి జల్లులోనే ఎక్కువగా కొట్టుకొస్తాయి. అమెరికా వాయవ్య తీరంలో నగర వాగుల్లోకి గుడ్లు పెట్టడానికి వచ్చిన కోహో సాల్మన్ చేపలు వానల తర్వాత ఎందుకు చచ్చిపోతున్నాయో ఏళ్ల తరబడి అంతు చిక్కలేదు. టైర్లు పగుళ్లు బారకుండా కలిపే ఒక రసాయనం ఓజోన్‌తో కలిసి మారే పదార్థమే కారణమని 2020లో తేలింది. ఇలాంటివి పదేళ్ల వర్షం కోసం ఎదురు చూడవు. మొదటి 20, 25 మిల్లీమీటర్లను స్థలంలోనే పట్టి ఇంకించమనో, మట్టి, మొక్కల పొరల గుండా వడకట్టమనో నియమం చెప్పకపోతే ఆ విషం ఆగదు.

ఇటుకా సున్నం

నేను లేఅవుట్లు వేసేవాణ్ని. ఇక్కడ నా మాట కూడా ఒకటి ఉండాలి.

కాలువలు కోసుకుపోవడానికి కొత్త స్థలాలే కారణమన్నట్టు మాట్లాడుతున్నారు. ఏ నియమమూ లేని రోజుల్లో కట్టిన పాత ప్రాంతం ఒక్క చుక్కనూ పట్టి ఉంచదు. దాని భారం కూడా కొత్తగా కట్టేవాడి మీదే వేస్తారా? రెండోది, చెరువుకు పోయిన నేల అమ్ముడుపోదు. ఆ ఖర్చు ఇల్లు కొనేవారి ధరలో చేరుతుంది. మూడోది బంకమట్టి. అక్కడ ఇంకించమంటే ఎలా ఇంకించాలి?

నియమం కఠినంగా ఉన్నా భరిస్తాం, స్పష్టంగా ఉండాలి. నక్షా ఇచ్చాక ఒక అధికారి ఒక మాట, ఇంకో అధికారి ఇంకో మాట చెప్పి నెలలు గడిపితే వడ్డీలకే పోతాం. లెక్క ఏ పద్ధతిలో వేయాలి, ఎన్నేళ్ల వర్షం ఎంత తీవ్రంగా ఉంటుందో చెప్పే ఏ వర్షపు పట్టిక వాడాలి, నేల పరీక్ష ఎవరు ఎలా చేయాలి, ఇవన్నీ ముసాయిదాలోనే రాయమనండి. అందులో నేనూ మీతో కలుస్తాను.

కొత్త సభ్యురాలు

ప్రతి ఇంటికీ ఒక ఇంకుడు గుంత తప్పనిసరి చేస్తే ఈ గొడవంతా ఉండదు కదా?

జలగణితం

కొంతవరకే. గుంత పని చేయాలంటే దాని కింద నేల తాగగలగాలి. పరీక్ష ఉపరితలం మీద కాదు, గుంత అడుగు వచ్చే లోతులో చేయాలి. భూగర్భ జలమట్టం గుంత అడుగుకు మరీ దగ్గరగా ఉంటే నీరు వడకట్టకుండానే అందులో కలుస్తుంది, లేదా అసలు దిగదు. పెట్రోలు బంకులు, వాహన మరమ్మతు స్థలాలు, రసాయనాలు నిల్వ చేసే చోట్లు, పాత పారిశ్రామిక స్థలాలు, ఇలాంటి చోట్ల ఇంకించడం ప్రమాదం. సున్నపురాతి నేలల్లో కింద గుహలు కుంగుతాయి. ఏటవాలు స్థలాల్లో జారుడు భయం. నియమం ఈ మినహాయింపులు చెప్పాలి, కానీ మినహాయింపు కోరేవారు నేల పరీక్ష చూపించి తీరాలి. మా నేల బంకమట్టి అని నోటిమాటగా చెబితే సరిపోకూడదు.

ఇటుకా సున్నం గారూ, బంకమట్టిలోనూ దారులున్నాయి. లోతు తక్కువగా వెడల్పుగా పరిచిన మొక్కల గుంతలు, కింద రంధ్రాల పైపు, పైన ఇసుక కలిపిన మట్టి. కొంత ఇంకుతుంది, కొంత మొక్కలు తీసుకుంటాయి, మిగిలింది వడకట్టుకుని మెల్లగా బయటికి వస్తుంది. పట్టి వాడుకునే తొట్లు, మట్టి పరిచి మొక్కలు పెంచే ఇంటి పైకప్పులు కూడా మొత్తం నీటిని తగ్గిస్తాయి. ఏది కట్టినా రెండు మూడు రోజుల్లో ఖాళీ అవ్వాలి, లేకపోతే దోమలు పెరుగుతాయి, తర్వాతి వానకు చోటూ ఉండదు.

అన్నిటికంటే చౌకైన పని మొదటి నక్షాలోనే ఉంటుంది. స్థలంలో బాగా నీరు తాగే నేల ఎక్కడుందో ముందు చూసి, అక్కడ కట్టకుండా వదిలి, రోడ్లను దాని వైపు వాలేటట్టు గీయడం. చాలా నక్షాల్లో మంచి ఇసుక నేల మీద పార్కింగు, రాతి నేల మీద ఇంకుడు గుంత కనిపిస్తాయి. నాకు ఇది చూసినప్పుడల్లా బాధ కలుగుతుంది, ఎందుకంటే కాగితం మీద గీతను అప్పుడే జరిపి ఉంటే ఖర్చు ఏమీ ఉండేది కాదు.

సైటు డైరీ

నేను నిర్మాణ స్థలాల తనిఖీ చేస్తాను. ఇంతసేపూ కట్టడం పూర్తయిన తర్వాత సంగతే మాట్లాడుకున్నారు. నేల చెక్కిన రోజు నుంచి రోడ్డు పడే రోజు దాకా ఏం జరుగుతుందో చూడండి.

గడ్డిని, చెట్లను తీసేసిన నేల నుంచి కొట్టుకొచ్చే మట్టి అడవి నేలతో పోలిస్తే 1,000 నుంచి 2,000 రెట్లు, పంట భూమితో పోలిస్తే 10 నుంచి 20 రెట్లు ఉంటుందని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ చెబుతుంది. ఒక్క వానాకాలంలో దిగువ కాలువ పూడిపోతుంది. ఆ తర్వాత ఎంత మంచి చెరువు కట్టినా పూడిన కాలువలో నీరు ఎక్కడికి పోతుంది?

నేను ముఖ్యంగా చూసేవి కొన్ని. స్థలమంతా ఒకేసారి చెక్కకుండా భాగాలుగా చెక్కుతున్నారా. పల్లపు అంచున మట్టిని ఆపే గుడ్డ కంచె ఉందా, దాని అడుగు నేలలో పాతారా. చాలా చోట్ల కంచె నేల మీద ఊరికే నిలబెట్టి ఉంటుంది, నీరు కింద నుంచి పోతుంది. లారీలు బయటికి వచ్చే దారిలో కంకర పరిచారా. మట్టి కుప్పల మీద కప్పు ఉందా. పని ఆగిన చోట వెంటనే గడ్డి విత్తనమో ఎండుగడ్డి పొరో వేశారా. మట్టి నీరు ముందు దిగేందుకు తాత్కాలిక గుంట ఉందా.

ఒకటి గట్టిగా చెబుతాను. రేపు ఇంకుడు స్థలంగా పనికి రావలసిన చోటును మొదటి రోజునే కంచె వేసి కాపాడాలి. బరువైన యంత్రాలు దాని మీద తిరిగితే నేల గట్టిపడుతుంది. నేల పరీక్ష ముందు చేసి ఉంటారు, కాగితం మీద అంకె బాగుంటుంది, ఆ నేల మాత్రం ఇక తాగదు. నిర్మాణం ముగిశాక మళ్లీ పరీక్షించాలన్న షరతు ముసాయిదాలో లేకపోతే తప్పకుండా అడగండి. తనిఖీకి వర్షం ఆగిన మరుసటి రోజు వెళ్లాలని కూడా రాయించండి. ఎండలో అన్ని స్థలాలూ బాగానే కనిపిస్తాయి.

పట్నం పటం

ప్రణాళికా విభాగంలో పని చేసిన అనుభవంతో పరిమితి గురించి చెబుతాను. ఒక హెక్టారు పరిమితి చాలా ఎక్కువ. జపాన్‌లో నగరాల గుండా పారే ఎంపిక చేసిన నదుల పరీవాహక ప్రాంతాల కోసం 2003లో చేసిన చట్టం 1,000 చదరపు మీటర్లు, అంతకు మించిన పనులకు అనుమతి తప్పనిసరి చేసింది. సింగపూర్‌లో 2014 జనవరి నుంచి 0.2 హెక్టారు, అంతకు పైబడిన స్థలాలు గరిష్ఠ ప్రవాహాన్ని స్థలంలోనే తగ్గించాలి. వేల్స్‌లో 2019 జనవరి నుంచి ఒకటి కంటే ఎక్కువ ఇళ్లు కట్టినా, నిర్మాణ విస్తీర్ణం 100 చదరపు మీటర్లకు చేరినా వాననీటిని ఇంకించి మెల్లగా వదిలే సుస్థిర పారుదల విధానానికి ముందస్తు ఆమోదం కావాలి. అది లేకుండా పని మొదలుపెట్టకూడదు. అమెరికాలో నిర్మాణ స్థలాల అనుమతి మొదట, 1990లో, ఐదెకరాలకు పైబడినవాటికే ఉండేది. 1999లో ఒక ఎకరానికి దించారు.

పరిమితి ఎక్కడ పెట్టినా దానికి కాస్త తక్కువగా స్థలాలు పుట్టుకొస్తాయి. తొమ్మిది వేల తొమ్మిది వందల చదరపు మీటర్ల లేఅవుట్లు పక్కపక్కనే మూడు పడతాయి. అందుకే ఒకే ప్రణాళికలో భాగమైన స్థలాలను విడివిడిగా కాక కలిపి లెక్కించాలన్న వాక్యం తప్పనిసరి. అమెరికా నియమంలో అది ఉంది.

ఇంకో జాగ్రత్త. స్థలంలో నీరు చొరని కప్పు ఇంత శాతం మించకూడదని మాత్రమే రాస్తే అందరూ పెద్ద పెద్ద స్థలాల్లో దూర దూరంగా కడతారు. అప్పుడు రోడ్ల పొడవు పెరుగుతుంది, ఒక్కో కుటుంబం లెక్కన కాంక్రీటు మొత్తంగా ఎక్కువవుతుంది. దగ్గర దగ్గరగా కట్టిన చోట స్థలం శాతం ఎక్కువగా కనిపించినా ప్రాంతం మొత్తం మీద నేల మిగులుతుంది. నియమం దాన్ని శిక్షించకూడదు. వాషింగ్టన్ నగరం 2013లో తెచ్చిన పద్ధతి నాకు నచ్చింది. పెద్ద నిర్మాణాలు సుమారు 30 మిల్లీమీటర్ల వర్షపు నీటిని పట్టి ఉంచాలి. అందులో కనీసం సగం స్థలంలోనే జరగాలి. మిగతాది వేరే చోట ఎవరైనా పట్టి ఉంచిన నీటికి ఇచ్చే ధ్రువపత్రాలు కొని తీర్చుకోవచ్చు, లేదా నగరానికి రుసుము కట్టవచ్చు.

ఇటుకా సున్నం

ఆ చివరిది మాకు పనికొస్తుంది. ఇరుకు స్థలాల్లో నిజంగా చోటు ఉండదు.

అయితే ముందున్న స్థితి అన్న మాట మీద నాకు పట్టింపు ఉంది. నేను ఇప్పటికే పూర్తిగా కాంక్రీటు పోసి ఉన్న పాత గిడ్డంగి స్థలం కొని ఇళ్లు కడుతున్నాననుకోండి. ముందున్న స్థితి అంటే గిడ్డంగా, గడ్డి నేలా? గడ్డి నేల అంటే నేను చేయని నష్టాన్ని నన్ను తీర్చమన్నట్టు. అప్పుడు ఎవరూ పాత స్థలాల జోలికి రారు, ఊరి బయట పచ్చని నేలే కొంటారు.

వాగుగట్టు

గిడ్డంగినే ముందున్న స్థితిగా లెక్కిస్తే వాగు ఎప్పటికీ బాగుపడదు. ఇప్పుడున్న నష్టం శాశ్వత హక్కు అయిపోతుంది. పునర్నిర్మాణం జరిగినప్పుడే పాత నగరంలో నీటిని పట్టే అవకాశం వస్తుంది, ఆ భవనం మళ్లీ ఇంకో యాభై ఏళ్లు నిలుస్తుంది. ఆ అవకాశాన్ని వదులుకోవడం నాకు సమ్మతం కాదు.

పట్నం పటం

మధ్య దారి చాలా చోట్ల ఉంది. పునర్నిర్మాణ స్థలాల్లో ఉన్న కప్పులో కొంత శాతాన్ని తగ్గించాలనో, దాని నీటిని పట్టి ఉంచాలనో అడుగుతారు. పూర్తి గడ్డి నేల స్థాయి అడగరు. అలాగని ఉన్నది ఉన్నట్టు వదిలేయరు. ఆ శాతం ఎంత అన్నది మీ వాగు పరిస్థితిని చూసి తేల్చుకోవాలి.

దస్తావేజు

న్యాయవాదిగా రెండు మాటలు.

షరతుకూ నష్టానికీ పొంతన ఉండాలి. ఇటుకా సున్నం గారి అభ్యంతరంలో బలం ఉన్నది ఇక్కడే. అమెరికా సుప్రీంకోర్టు 1994లో డోలన్ వర్సెస్ టిగార్డ్ నగరం కేసులో ఇదే చూసింది. ఒక దుకాణం విస్తరణకు అనుమతి కావాలంటే వరద మైదానంలోని నేలను ప్రజా అవసరానికి రాసివ్వాలని నగరం షరతు పెట్టింది. అడిగేది కట్టడం వల్ల కలిగే ప్రభావానికి దాదాపు అనుపాతంలో ఉందని నగరం చూపించాలని కోర్టు చెప్పింది. ఆ తీర్పు ఇతర దేశాలను కట్టడి చేయకపోయినా తర్కం ఎక్కడైనా వినదగ్గదే. ఈ కప్పు నుంచి ఇంత నీరు అదనంగా పారుతుంది, కాబట్టి ఇంత పట్టి ఉంచండి అన్న నియమం గట్టిగా నిలుస్తుంది. పాత ప్రాంతం నీటిని కూడా నీ చెరువులో పట్టు అంటే నిలవదు.

ఇక నిర్వహణ. యజమానులు చూసుకోవాలి అన్న వాక్యానికి ఆచరణలో విలువ లేదు. ఏ యజమానులు? లేఅవుట్ వేసినవారు ప్లాట్లు అమ్మి వెళ్లిపోతారు. కొన్నవారికి తమ నేల కింద నిల్వ తొట్టి ఉందని కూడా తెలియదు. కొన్నేళ్లకు ఆ చెరువును ఖాళీ స్థలమనుకుని పూడ్చి కట్టేస్తారు. దీనికి చట్టపరంగా చేయవలసినవి ఉన్నాయి. నిర్వహణ ఒప్పందం స్థలం రిజిస్ట్రేషనులోనే నమోదు కావాలి, తర్వాత కొన్న ప్రతివారికీ వర్తించాలి. తనిఖీకి లోపలికి వెళ్లే హక్కు స్థానిక సంస్థకు ఉండాలి. చేయకపోతే సంస్థ చేసి ఆ ఖర్చును ఆస్తి పన్నుతో పాటు వసూలు చేసుకునే అధికారం ఉండాలి. కట్టినది నక్షా ప్రకారమే ఉందని కొలతలతో నిరూపించే దాకా నివాస అనుమతి ఇవ్వకూడదు, హామీ మొత్తం తిరిగి ఇవ్వకూడదు. వేల్స్ పద్ధతి ఇంకో అడుగు ముందుకు వేసింది. ఒకటి కంటే ఎక్కువ ఆస్తులకు పనికొచ్చే ఏర్పాటు ఆమోదించిన విధంగా కట్టి ఉంటే స్థానిక సంస్థే దాన్ని స్వీకరించి నిర్వహించాలి.

సైటు డైరీ

తూము నోటికి జల్లెడ లేక ఆకులు, ప్లాస్టిక్ సంచులు అడ్డం పడిన చెరువులు ఎన్నో చూశాను. తూము మూసుకుపోతే చిన్న వానకే నిండి, పెద్ద వాన వచ్చేసరికి చోటు ఉండదు. దానికి విరుద్ధం కూడా చూశాను. నీరు త్వరగా పోవడం లేదని ఎవరో తూమును పగలగొట్టి పెద్దది చేస్తారు. అప్పుడు కాగితం మీద 167 లీటర్లు, అసలు వెళ్లేది ఎంతో ఎవరికీ తెలియదు. అందుకే ఏటా ఫోటోతో సహా నివేదిక అడగాలి.

కొత్త సభ్యురాలు

స్థానిక సంస్థ నిర్వహించాలంటే డబ్బు ఎక్కడిది?

పట్నం పటం

వాననీటి రుసుము. జర్మనీలో చాలా స్థానిక సంస్థలు మురుగు బిల్లును రెండుగా విడదీశాయి. ఇంటి మురుగుకు వాడిన నీటిని బట్టి, వాననీటికి నీరు చొరని కప్పు ఎన్ని చదరపు మీటర్లుందో దాన్ని బట్టి కట్టాలి. అమెరికాలో ఫిలడెల్ఫియా కూడా స్థలం విస్తీర్ణం, కప్పు విస్తీర్ణం చూసి వసూలు చేస్తుంది, నీటిని పట్టి ఉంచే పెద్ద స్థలాలకు తగ్గింపు ఇస్తుంది. ఇటుకా సున్నం గారు మొదట అడిగిన ప్రశ్నకు ఇదే జవాబు. పాత ప్రాంతం తన భాగాన్ని రుసుము రూపంలో కడుతుంది. విశాలమైన పార్కింగు ఉన్న పాత దుకాణ సముదాయం నీళ్ల కుళాయి అంతగా వాడదు, కానీ వాగులోకి పంపేది ఎక్కువ. మీటరును బట్టి వేసే బిల్లు దాన్ని పట్టుకోలేదు.

జలగణితం

ఇంకా మిగిలినవి రెండు. ఒకటి, ముసాయిదా ఏ వర్షపు పట్టిక వాడమంటోంది? పాత కొలతలతో కట్టిన పట్టిక అయితే అన్ని లెక్కలూ తక్కువగా వస్తాయి. అమెరికా వాతావరణ సంస్థ 2018లో టెక్సాస్ పట్టికలను సవరించినప్పుడు హ్యూస్టన్ ప్రాంతంలో నూరేళ్ల వర్షం, 24 గంటలకు, 13 అంగుళాల నుంచి 18 అంగుళాలకు పెరిగింది. పట్టికను నిర్ణీత గడువుల్లో సవరించాలన్న వాక్యం కావాలి.

రెండు, లెక్కను మించిన వర్షం. చైనా 2015లో 16 నగరాలతో స్పాంజి నగరాల ప్రయోగం మొదలుపెట్టింది, వాననీటిలో ఎక్కువ భాగాన్ని నగరంలోనే ఇంకించాలని. ఆ తర్వాత ఇలాంటి పనులకు భారీగా ఖర్చు చేసిన జెంగ్‌జౌ నగరంలో 2021 జూలై 20న ఒక్క గంటలో 201.9 మిల్లీమీటర్లు కురిసింది. భూగర్భ రైలులో మనుషులు చనిపోయారు. దాన్నిబట్టి ఇంకుడు ఏర్పాట్లు వృథా అనడం సరికాదు. అవి రోజువారీ వానల కోసం. అంతటి వాన వచ్చినప్పుడు చెరువు అలుగు దాటిన నీరు ఏ వీధి గుండా, ఎంత లోతున, ఎక్కడికి పోతుందో నక్షాలో గీసి ఉండాలి. ఆ దారిలో గోడలూ గదులూ రాకుండా దాన్ని దస్తావేజుల్లో కాపాడాలి. ముసాయిదా ఈ దారి గురించి మాట్లాడకపోతే ఆ నీరు వెళ్లేది పల్లపు వీధి గారి ఇంట్లోకే.

పల్లపు వీధి

అందరికీ కృతజ్ఞతలు. విన్నదంతా చేర్చి అభ్యంతర పత్రం రాశాను. సారాంశం పెడుతున్నాను, సరిచూడండి.

గరిష్ఠ ప్రవాహ పరిమితిని పదేళ్ల వర్షంతో పాటు రెండేళ్ల వర్షానికీ వర్తింపజేయాలి. స్థలంలో పడే మొదటి 25 మిల్లీమీటర్లను బయటికి వదలకుండా అక్కడే పట్టి ఉంచాలి. నేల ఒప్పుకోదని పరీక్షతో చూపినవారు వడకట్టి వదలాలి, లేదా వేరే చోట సమాన పని చేయాలి, ఆ చోటు అదే వాగు పరిధిలో ఉండాలి. పరిమితి 1,000 చదరపు మీటర్లు, ఒకే ప్రణాళికలోని స్థలాలు కలిపి లెక్క. నిర్మాణ కాలంలో మట్టి అదుపు ప్రణాళిక ముందే ఆమోదం పొందాలి, వాన తర్వాత తనిఖీ జరగాలి. నిర్వహణపై దస్తావేజు గారు చెప్పినవన్నీ. అదనపు నీటి దారి నక్షాలో ఉండాలి.

జలగణితం

రెండు సవరణలు. 25 మిల్లీమీటర్లు అని సూటిగా రాయకండి. మీ ప్రాంతపు రోజువారీ వర్షపాతం కొలతలు తీసుకుని, పదింట తొమ్మిది వానలు ఏ లోతు లోపల ఉంటాయో ఆ లోతు అని రాయండి. అది 25 కావచ్చు, 40 కావచ్చు. స్థానిక కొలతల నుంచి వచ్చిన అంకెను ఎవరూ తేలిగ్గా కొట్టేయలేరు. ఇంకొకటి, వాగు దిగువన ఇప్పటికే సామర్థ్యం లేని చోట్లు ఉంటే అక్కడి దాకా కలిపి లెక్క చూపాలని అడగండి. ఎగువ చెరువుల నీరు ఒకే వేళకు కలిసే సమస్య అలా మాత్రమే బయటపడుతుంది.

దస్తావేజు

"యజమానులు" అన్న చోట "ప్రస్తుత యజమాని, తదుపరి హక్కుదారులు, నివాసుల సంఘం" అని ఉండాలి. ఏటా నివేదిక ఇవ్వకపోతే జరిమానా ఎంతో అందులోనే రాయాలి. జరిమానా చెప్పని నియమాన్ని అమలు చేయడం కష్టం.

ఇటుకా సున్నం

పద్ధతి, పట్టిక, నేల పరీక్ష ఇవన్నీ నియమంలోనే రాయాలన్న చోట నా సంతకం కూడా వేసుకోండి. నిర్మాణ కాలపు తనిఖీకీ అభ్యంతరం లేదు, మట్టిని సరిగా ఆపేవాడు ఆపనివాడితో పోటీ పడలేకపోవడం మాకూ నష్టమే. పునర్నిర్మాణ స్థలాల సంగతిలో మాత్రం నేను విడిగా అభ్యంతరం పంపుతున్నాను. వాగుగట్టు గారి వాదన అర్థమైంది, కానీ శాతం తేల్చకుండా ఒప్పుకోలేను.

పల్లపు వీధి

సవరణలు చేర్చాను. పునర్నిర్మాణం గురించి నా పత్రంలో శాతం రాయలేదు, ఉన్న కప్పు నీటిలో కొంత భాగాన్ని తప్పక పట్టి ఉంచాలని, ఆ భాగాన్ని బహిరంగ విచారణలో తేల్చాలని అడిగాను. విచారణకు వెళ్లేటప్పుడు జలగణితం గారి 167, 750 లీటర్ల లెక్కనూ, 8, 49 మిల్లీమీటర్ల లెక్కనూ ఒకే పుటలో అచ్చు వేయించి సభ్యులందరికీ ఇస్తాను. మా కాలువ గట్టు ఎక్కడెక్కడ కోసుకుపోయిందో కొలతలు తీస్తున్నాం, అవి కూడా జత చేస్తాను. విచారణ తేదీ ప్రకటించగానే ఇక్కడే పెడతాను. సైటు డైరీ గారూ, మట్టి అదుపు ప్రణాళికలో కనీసం ఏమేం ఉండాలో మీరు ఒక పుట రాసి పంపగలరా?

సైటు డైరీ

ఈ వారంలోనే పంపుతాను.